బొగ్గు గని మూసిన తరువాత నేలను, నీటి గుంతలను బాగుచేయు విధము

గోదావరి లోయలోని ఇల్లెందు వద్ద 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు పొరలను కనుగొనెను. తరువాత గనులు కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, మందమర్రి ప్రాంతములకు వ్యాపించినవి. బొగ్గు తీసిన చోట చివరకు మూడు మిగులును: మట్టి దిబ్బలు, నీరు నిండిన గుంతలు, అడుగున బోలుగా నుండి పైకి మామూలుగా కనుపించు చేలు.

"మట్టి యున్నది, నీరు యున్నది, ఇక సాగుకు అడ్డేమి?" అని రైతు అనుకొనుట సహజము. కాని ఆ మట్టి ఇంకను నేల కాలేదు, ఆ గుంత ఇంకను చెరువు కాలేదు. పరీక్ష చేయించక పెట్టిన పెట్టుబడి తరచు మొదటి ఏటనే పోవును. పెట్టుబడి పెట్టుటకు ముందుగా ఆ భూమి, ఆ గుంత ఎవరి స్వాధీనములో నున్నవో తెలిసికొని, వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను.

దిబ్బ మట్టి ఎందుకు పండదు?

మన పొలములో పంటను పోషించునది పైనున్న జానెడు మట్టియే. గని త్రవ్వునపుడు ఈ పైమట్టిని వేరుగా తీసి దాచనిచో, అది వందల అడుగుల లోతునుండి వచ్చిన ఇసుకరాతి ముక్కలలో కలిసిపోవును. అట్టి దిబ్బలో సేంద్రియ పదార్థము, నత్రజని, మేలుచేయు సూక్ష్మజీవులు బహు తక్కువ. పెద్ద లారీలు తిరుగుటచే పైభాగము గట్టిపడి వాన నీరు ఇంకదు. ఇంకని నీరు వాలు వెంట పారి, మిగిలిన మెత్తని మట్టిని క్రింది పొలములలోనికి, వాగులలోనికి కొనిపోవును.

నేలను బాగుచేయు క్రమము

1. వేసవిలో, రోహిణి కార్తెకు ముందుగానే, 10 నుండి 15 చోట్ల 6 అంగుళముల లోతు వరకు మట్టి తీసి, బాగుగా కలిపి, అందులో అర కిలో భూసార పరీక్షకు పంపవలెను. దిబ్బ మట్టి చోటుచోటుకు మారును గనుక రంగు మారిన ప్రతి భాగమునకు వేరు నమూనా తీయవలెను.

2. వాలునకు అడ్డముగా గట్లు, కందకములు వేయవలెను. గట్టిపడిన చదును భాగమును అడుగున్నర లోతు వరకు చీల్చి దున్నవలెను. దాచిన పైమట్టి యున్నచో దానిని ఇపుడు పరచవలెను.

3. తొలకరికి వాలుపై వట్టివేరు, స్టైలో గడ్డి వేయవలెను. చదునులో ఎకరమునకు 8 నుండి 10 టన్నుల పశువుల ఎరువు వేసి, జీలుగ గాని జనుము గాని చల్లి, పూత దశలో కలియదున్నవలెను.

4. ఏటవాలు దిబ్బలపై కానుగ, వేప, సుబాబుల్, వెదురు నాటవలెను. కానుగ, సుబాబుల్ వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు చేర్చును.

5. రెండు మూడు ఏండ్లు పచ్చిరొట్ట కలియదున్నిన పిదప, మరల భూసార పరీక్ష చేయించి, చదును భాగములో పెసర, ఉలవ వంటి పప్పు పంటలతో సాగు ఆరంభింపవచ్చును. వరికి తొందరపడరాదు. అడుగున ఇసుకరాళ్ళు గల నేలలో నీరు నిలువదు.

గుంత నీటిని వాడుకొనుట

బొగ్గు పొరలలో గంధకముతో కూడిన ఖనిజము హెచ్చుగా నున్నచోట, దానికి గాలి, నీరు తగిలి ఆమ్లము పుట్టును. అస్సాం, మేఘాలయ బొగ్గులో గంధకము ఎక్కువ. అక్కడి గనుల నీటిలో ఆమ్లము ఎక్కువగా కనబడుటకు ఇదియే కారణము. గోదావరి లోయ బొగ్గులో గంధకము తక్కువే. అంత మాత్రమున ఇక్కడి ప్రతి గుంత నీరు మంచిదని తలచరాదు. లవణములు ఎక్కువైన నీటిని తడికి వాడినచో చేను క్రమముగా చౌడుబారును. కావున ఉదజని సూచిక, లవణములు, సీసము వంటి భార లోహములు పరీక్ష చేయించిన పిదపనే తడికి గాని, చేపలకు గాని వాడవలెను.

చేపలకు ఉదజని సూచిక 6.5 నుండి 8.5 వరకు ఉండుట మంచిది. అయినను లోతైన గుంతలో మరియొక చిక్కు కలదు. అడుగు నీటిలో ప్రాణవాయువు ఉండదు. చలిగాలికి పైనీరు చల్లబడి క్రిందికి దిగినపుడు అడుగు నీరు పైకి వచ్చి, ఒక్క రాత్రిలో చేపలన్నియు చచ్చిపోవచ్చును. అందుచేత నీటిని ప్రక్కనే 5, 6 అడుగుల లోతు గల చెరువులోనికి తోడుకొని బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పెంచుట మేలు. చెరువు అడుగున బంకమట్టి పరచి తొక్కించవలెను. పిల్లలను వదలుటకు ముందు కొన్నింటిని వల సంచిలో నుంచి 3, 4 దినములు గమనించవలెను. ఝార్ఖండ్‌లోని రామ్‌గఢ్ జిల్లాలో పాత గని గుంతలలోనే వల పంజరములు తేలవేసి చేపలు పెంచుచున్నారు. అది శిక్షణ పొందినవారు చేయవలసిన పని.

గుంత ఒడ్డు నిటారుగా నుండును. జారిన పశువు గాని, పిల్లవాడు గాని పైకి ఎక్కలేరు. చుట్టు కంచెవేసి, వాలు తగ్గించిన ఒకే రేవు ఉంచవలెను. ఇది చేపలకంటె, పంటకంటె ముందు చేయవలసిన పని.

కుంగు నేలలు

భూగర్భ గనులలో పైకప్పును మోయుటకు బొగ్గు స్తంభములను వదలుదురు. ఆ స్తంభములను కూడ తీసినచోట పైనేల కుంగి పగుళ్ళు పడును. అట్టి చేలలో అధికారుల సలహా లేనిదే బావులు, ఇండ్లు తలపెట్టరాదు. పగుళ్ళు క్రొత్తగా పడుచున్నంత కాలము పశువులను అటు తోలరాదు. అవి ఆగిన పిదప బంకమట్టితో పూడ్చి, నేల చదును చేసికొనవలెను.

నేల తయారగుటకు ప్రకృతికి వేల ఏండ్లు పట్టినది. దానిని మరల నిలబెట్టుటకు కొన్ని ఏండ్ల ఓపిక పట్టుట దండుగ కాదు. ఈ వేసవిలోనే మట్టి నమూనా ఒకటి, నీటి నమూనా ఒకటి తీసి మీ మండల వ్యవసాయాధికారికి గాని, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని అందజేసి, వారి సలహా చేతికి వచ్చిన పిదపనే విత్తనము కొనుడు.