కొలెస్ట్రాల్ తగ్గితే భయపడాల్సిన చోటు

మన ఇళ్లలో కొలెస్ట్రాల్ అంటే గుర్తొచ్చే మాట ఒక్కటే: తగ్గించుకో. నాన్న రిపోర్ట్‌లో నంబర్ తగ్గిందంటే ఆ వారం పూరీలకి అమ్మ పర్మిషన్ దొరికినట్టే. కానీ ఐసీయూలో సెప్సిస్‌తో ఉన్న మనిషికి అదే నంబర్ బాగా పడిపోతే అది మంచి కబురు కాదు. ఎందుకో చూద్దాం.

సెప్సిస్‌ని చాలామంది "రక్తంలో ఇన్ఫెక్షన్" అంటారు. అది సగమే నిజం. ఇన్ఫెక్షన్ మీద మన శరీరం చేసే పోరాటమే అదుపు తప్పి, కిడ్నీలు, ఊపిరితిత్తులు లాంటి సొంత అవయవాల్ని దెబ్బతీయడం సెప్సిస్. 2016లో డాక్టర్లు ఇచ్చిన డెఫినిషన్ సారాంశం ఇదే. 2017లో ప్రపంచమంతా కలిపి దాదాపు 4.89 కోట్ల మందికి ఇది వచ్చిందని, 1.1 కోట్ల మరణాలు దీనితో ముడిపడి ఉన్నాయని అంచనా.

ఇందులో కొవ్వుకేం పని? కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరలో ఎల్‌పీఎస్ అనే విషపదార్థం ఉంటుంది. దానికి ఒక కొవ్వు తోక ఉంటుంది. రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసుకెళ్లే హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ కణాలు ఆ తోకని పట్టుకుని విషాన్ని తమలో దాచేస్తాయి. యాంటీవైరస్ ఒక ఫైల్‌ని క్వారంటైన్‌లో పెట్టినట్టన్నమాట. తర్వాత లివర్ దాన్ని లాక్కుని పైత్యరసంలోకి తోసేస్తుంది.

సెప్సిస్ ముదిరితే ఈ కణాలు ఖర్చైపోతాయి, రక్తనాళాల్లోంచి బయటికి కారిపోతాయి. లివర్ కొత్తవి తక్కువగా తయారు చేస్తుంది. సెలైన్ ఎక్కించడం వల్ల ఉన్నవి కూడా పలచబడతాయి. ట్రైగ్లిజరైడ్లు మాత్రం చాలాసార్లు పెరుగుతాయి, వాటిని కరిగించే ఎంజైమ్ మందగిస్తుంది కాబట్టి. పైగా మత్తు కోసం ఇచ్చే ప్రొపోఫాల్ పాలలా తెల్లగా ఉంటుంది, అది కలిపేదే కొవ్వు ద్రావణంలో! అందుకే ట్రైగ్లిజరైడ్ల కంటే హెచ్‌డీఎల్ మీదే నాకు నమ్మకం ఎక్కువ.

2005లో తైవాన్ డాక్టర్లు తీవ్రమైన సెప్సిస్ ఉన్న 63 మందిని గమనించారు. మొదటి రోజే హెచ్‌డీఎల్ 20 కంటే తక్కువున్నవాళ్లలో మరణాలు బాగా ఎక్కువ. మామూలుగా మగవాళ్లకి 40, ఆడవాళ్లకి 50 దాటి ఉండాలంటారు. చిన్న స్టడీయే, కానీ తర్వాత వేరే చోట్ల కూడా చాలావరకు ఇదే ధోరణి కనిపించింది.

"అయితే హెచ్‌డీఎల్ పెంచేస్తే సరిపోతుందిగా" అనిపిస్తుంది. గుండె జబ్బుల కోసం అలాంటి మందే ఒకటి తయారుచేశారు, పేరు టోర్సెట్రాపిబ్. హెచ్‌డీఎల్ బ్రహ్మాండంగా పెరిగింది. మరణాలూ పెరిగాయి, వాటిలో ఇన్ఫెక్షన్ మరణాలు కూడా ఉన్నాయి. 2006 డిసెంబర్‌లో ట్రయల్ ఆపేశారు.

ఇంకో మెలిక. పీసీఎస్‌కే9 అనే జీన్ సరిగ్గా పనిచేయనివాళ్లకి పుట్టుకతోనే ఎల్‌డీఎల్ తక్కువ. 2014లో వచ్చిన ఒక స్టడీలో, సెప్టిక్ షాక్ వచ్చినా వీళ్లు ఎక్కువగా బతికారు. వీళ్ల లివర్ ఎల్‌డీఎల్‌ని, దానితో పాటు విషాన్ని త్వరగా లాగేస్తుందని ఆ పరిశోధకుల వివరణ. తర్వాతి స్టడీలన్నీ దీన్ని సమర్థించలేదనుకోండి. కానీ ఆలోచించండి: ఇద్దరి రిపోర్ట్‌లోనూ ఎల్‌డీఎల్ తక్కువే. ఒకరికి లివర్ చురుగ్గా ఉండటం వల్ల, ఇంకొకరికి లివర్ చేతులెత్తేయడం వల్ల. నంబర్ చూసి ఎవరు ఎవరో ఎలా చెప్పగలం?

ఐసీయూ డేటాతో సెప్సిస్ ప్రిడిక్షన్ మినీ ప్రాజెక్ట్ చేసేవాళ్లు మన బ్రాంచ్‌లో ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్లకే ఈ మాట. ఐసీయూలో లాక్టేట్‌ని పదే పదే చూస్తారు, లిపిడ్ ప్రొఫైల్ అందరికీ చేయరు. కాబట్టి ఆ కాలమ్ ఎక్కువగా ఖాళీగా ఉంటుంది. దాన్ని సగటుతో నింపేస్తే, చావుబతుకుల్లో ఉన్న పేషెంట్ మోడల్‌కి మామూలు మనిషిలా కనిపించొచ్చు. టెస్ట్ చేశారా లేదా అన్నది వేరే ఫీచర్‌గా పెట్టండి. మొదటి రోజు విలువ ఒక్కటే కాకుండా, ఉంటే రెండో, మూడో రోజువీ తీసుకోండి. ప్రొపోఫాల్ ఎంత ఇచ్చారో, లివర్ జబ్బు ముందే ఉందో లేదో కూడా పక్కనే ఉంచండి.