అల, చక్రం, అడుగు

తీరాన నిలిచి చూసేవారికి సముద్రం ఒక రమణీయ దృశ్యం. అందులో దిగి ఈదవలసిన వారికి అదే ఒక కఠిన పరీక్ష. ‘ట్రయథ్లాన్’ అనే క్రీడ అనేక చోట్ల ఈ పరీక్షతోనే ప్రారంభమవుతుంది. ఈత, సైకిల్ పందెం, పరుగు అనే మూడింటిని ఒకే వ్యక్తి నడుమ విరామం లేకుండా వరుసగా పూర్తి చేయటమే ట్రయథ్లాన్. గ్రీకు భాషలో ‘త్రి’ అంటే మూడు, ‘ఆథ్లోస్’ అంటే పోటీ. అందువల్ల దీనిని ‘త్రివిధ క్రీడ’ అని చెప్పుకోవచ్చు. నీటి నుండి బయటికి వచ్చి సైకిల్ అందుకొనే సమయం, సైకిల్ దిగి పరుగు అందుకొనే సమయం కూడా పోటీ లెక్కలో చేరుతాయి.

ఒలింపిక్ క్రీడలలో వ్యక్తిగత ట్రయథ్లాన్‌కు 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్ ప్రయాణం, 10 కిలోమీటర్ల పరుగు నిర్ణయించారు. అందులో సరిగ్గా సగం దూరం గలది ‘స్ప్రింట్ ట్రయథ్లాన్’. అంటే 750 మీటర్లు ఈది, 20 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. మేటి క్రీడాకారులు దీనిని గంటలోపే ముగిస్తారు. కొత్తగా పాల్గొనేవారికి గంటన్నర, రెండు గంటలు పట్టవచ్చు. 750 మీటర్లు అంటే 25 మీటర్ల ఈతకొలనులో ముప్పై పర్యాయాలు ఈ గట్టు నుండి ఆ గట్టుకు చేరటం. కొలనులో ఇది కొద్దిపాటి సాధన చేసినవారికి కూడా సాధ్యమే. కాని సముద్రానికి గట్లు లేవు.

ఈ క్రీడ పుట్టుక చరిత్ర ఆసక్తికరమైనది. 1974 సెప్టెంబరు 25వ తేదీ సాయంత్రం అమెరికాలోని శాన్ డియాగో నగరంలో మిషన్ బే అనే సముద్రపు పాయ ఒడ్డున తొలి ఆధునిక ట్రయథ్లాన్ జరిగింది. జాక్ జాన్‌స్టోన్, డాన్ షానహాన్ అనే ఇద్దరు దీనికి రూపకల్పన చేశారు. 46 మంది పాల్గొన్నారు. ఆనాటి వరుస నేటి వరుస వంటిది కాదు. పరుగుతో మొదలుపెట్టి, సైకిల్ తొక్కి, ఈతను చివరకు ఉంచారు. పొద్దు గుంకింది. వెనుకబడినవారు ఇంకా నీటిలోనే ఉన్నారు. ఒడ్డున ఉన్న కార్ల దీపాలు వెలిగించి, ఆ వెలుగులో వారిని గట్టెక్కించవలసి వచ్చింది.

ఆ పోటీలో పాల్గొన్నవారిలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి, ఆయన భార్య జూడీ ఉన్నారు. ఈతగాళ్లు గొప్పవారా, పరుగువీరులు గొప్పవారా, సైకిల్ పందెగాళ్లు గొప్పవారా అనే వాదం తరువాతి కాలంలో హవాయి దీవులలో రేగింది. దానిని తేల్చటానికి ఈ దంపతులు 1978లో ఒక సుదీర్ఘమైన త్రివిధ పోటీని నిర్వహించారు. అదే ‘ఐరన్‌మ్యాన్’గా పేరుపొందింది. పదిహేనుమంది బయలుదేరగా పన్నెండుమంది పూర్తి చేశారు. ఇందులో ఈత మొదటికి వచ్చింది. నేడు సాధారణంగా అన్ని ట్రయథ్లాన్‌లలోను అదే వరుస. దీని వెనుక గల కారణం సులభంగానే బోధపడుతుంది. అలసిన కాలు పరుగులో తడబడితే నేల ఆదుకొంటుంది. అలసిన చేయి సముద్రంలో ఆగిపోతే కాలు ఆనటానికి నేల ఉండదు. శరీరం తాజాగా ఉన్నప్పుడే నీటిని దాటాలన్నది ఈ క్రీడ నేర్చుకొన్న తొలి వివేకం.

కొలనులో అడుగున గీసిన గీత దారి చూపుతుంది. సముద్రంలో దారి చూపేవి నీటిపై తేలే రంగు బుంగలే. అల లేచినప్పుడు అవి కనబడవు. అందువల్ల ఈతగాడు కొన్ని బారలకొకసారి కళ్లు పైకెత్తి దిక్కు సరిచూసుకొంటాడు. ఒడ్డున ఉన్న ఎత్తయిన చెట్టునో, కట్టడాన్నో గురుతు పెట్టుకొంటాడు. ఆ జాగ్రత్త లేనివాడు 750 మీటర్లకు బదులు వంకరదారిలో మరింత దూరం ఈదుతాడు. విరిగిపడే అలకు ఎదురొడ్డి నిలవటం బలం వృథా చేసుకోవటమే. దాని క్రిందుగా మునిగి అవతల తేలటం నేర్పు. ఉప్పునీటి సాంద్రత ఎక్కువ కనుక దేహం కొంత తేలికగా తేలుతుంది. అది సముద్రం చేసే ఉపకారం. కాని పోటీ మొదలైన తొలి నిమిషాలలో పదులకొద్దీ చేతులు, కాళ్లు చుట్టూ నీటిని చిమ్ముతుంటే శ్వాస గతి తప్పుతుంది. శీతల జలాలలో ఆ ఇబ్బంది మరింత తీవ్రం. అప్పుడు వేగం తగ్గించి, నీటిలోకి నిదానంగా ఊపిరి వదలటమే దానికి విరుగుడు.

సముద్రపు ప్రమాదాలలో ముఖ్యమైనది తీరం నుండి లోపలికి లాగే ప్రవాహం. తీరానికి చేరిన అలల నీరు తిరిగి పోవటానికి ఇసుక మేటల నడుమ దారి చేసుకొని వేగంగా ప్రవహిస్తుంది. ఇరువైపులా అలలు నురగలు కక్కుతుంటే ఆ పాయ మాత్రం ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివారు అదే క్షేమమైన చోటని భ్రమిస్తారు. విశాఖపట్నం వంటి మన తీరాలలో సరదాగా నీటిలో దిగిన విద్యార్థులు తిరిగిరాని విషాద వార్తలు పత్రికలలో తరచుగా కనిపిస్తూనే ఉన్నాయి. వారిలో ఈత వచ్చినవారు కూడా ఉంటారు. ప్రవాహానికి ఎదురీది ఒడ్డు చేరాలని ప్రయత్నించి అలసిపోవటమే వారికి ముప్పు. ఆ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, దూరానికి తీసుకొనిపోతుంది. కనుక తేలుతూ చేయెత్తి సహాయం కోరాలి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం నుండి తప్పుకొన్న తరువాత తీరం వైపు మళ్లాలి. సముద్రంతో తలపడినవాడు అలసిపోతాడు; దానిని తెలుసుకొన్నవాడు ఒడ్డు చేరుతాడు.

ఈ వివేకాన్ని ట్రయథ్లాన్ నియమాలు కూడా గౌరవిస్తాయి. ఆపదలో ఉన్న ఈతగాడు చేయి ఎత్తితే రక్షకులు పడవలో వస్తారు. తేలే బుంగను పట్టుకొని కాసేపు సేద తీరవచ్చు. దాని ఆసరాతో ముందుకు సాగకుండా ఉన్నంతవరకు పోటీ నుండి తొలగించరు. కడలి కల్లోలంగా ఉంటే ఈత దూరాన్ని తగ్గించే అధికారం, అవసరమైతే ఈతనే రద్దు చేసే అధికారం నిర్వాహకులకు ఉంటాయి. విశ్రమించటం ఓటమి కాదని నియమమే చెబుతున్నప్పుడు, అభిమానానికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకోవటం వీరత్వం కాజాలదు.

నీటి నుండి లేచి నిలబడగానే కొందరికి తల తిరుగుతుంది. అంతవరకు అడ్డంగా ఉన్న శరీరం ఒక్కసారిగా నిలువు కావటమే అందుకు ఒక కారణం. ఆ స్థితిలోనే సైకిళ్ల ఆవరణకు పరుగెత్తాలి. సైకిల్‌ను తాకకముందే శిరస్త్రాణం ధరించి దాని పట్టీ బిగించాలి. నిర్ణీత గీత దాటిన తరువాతే సైకిల్ ఎక్కాలి. తొందరలో ఈ నియమాలు మరచినవారికి శిక్ష తప్పదు. 20 కిలోమీటర్లు తొక్కి దిగిన తరువాత కాళ్లు కొయ్యబారినట్లు తోస్తాయి. చక్రం తిప్పటానికి అలవాటుపడిన కండరాలు పరుగుకు ఒదగటానికి కొంత సమయం పడుతుంది. అందుకే సాధన చేసేవారు సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తటాన్ని ప్రత్యేకంగా అభ్యసిస్తారు.

ట్రయథ్లాన్ 2000 సంవత్సరంలో సిడ్నీలో తొలిసారిగా ఒలింపిక్ క్రీడలలో చేరింది. సిడ్నీ రేవులో ఈతతో ఆ పోటీ మొదలైంది. కెనడాకు చెందిన సైమన్ విట్‌ఫీల్డ్ సైకిళ్ల గుంపు కూలినప్పుడు అందులో చిక్కుకొన్నాడు. అయినా తిరిగి సైకిల్ ఎక్కి, పరుగులో ఒక్కొక్కరినే దాటి బంగారు పతకం సాధించాడు. 2016లో మెక్సికోలోని కోజుమెల్ దీవిలో జరిగిన పోటీ మరొక విధంగా చిరస్మరణీయమైంది. బ్రిటన్‌కు చెందిన జానథన్ బ్రౌన్లీ గమ్యానికి కొద్ది వందల మీటర్ల దూరంలో అందరికన్నా ముందున్నాడు. ఉక్కపోత వేడికి అతని కాళ్లు తడబడ్డాయి. వెనుక వస్తున్న అన్న ఆలిస్టర్ అప్పటికే రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచినవాడు. అతడు తన గెలుపును పక్కనపెట్టి తమ్ముని భుజం క్రింద చేయి వేసి నడిపించాడు. గీత వద్ద తమ్ముణ్ణే ముందుకు నెట్టాడు. దక్షిణాఫ్రికాకు చెందిన హెన్రీ స్కూమన్ వారిని దాటి విజేతగా నిలిచాడు. తమ్మునికి రెండవ స్థానం, అన్నకు మూడవ స్థానం దక్కాయి. విజేత పేరు మరచినవారు కూడా ఆ అన్నదమ్ముల అడుగులను మరువలేదు.

ఈ మూడు పరీక్షలకు మూలసూత్రం ఒక్కటే. తన శక్తి ఎంతో తాను ఎరిగి, దానిని చివరి అడుగు వరకు పొదుపుగా ఖర్చు చేయాలి. ఆ ఎరుక ఒక్కరోజులో రాదు. ముందు కొలనులో శ్వాస కుదరాలి. తరువాత అనుభవజ్ఞుల తోడుతో, రక్షకులున్న చోట సముద్రంలో దిగాలి. ఒంటరిగా ఎన్నడూ దిగరాదు. పతకం ముగ్గురికే లభిస్తుంది. తీరానికి క్షేమంగా చేరే భాగ్యం అందరికీ లభించాలి. సముద్రం చెప్పే మొదటి పాఠం ఇదే, చివరి పాఠమూ ఇదే.

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కొలనులో ఈతకు, సముద్రంలో ఈతకు గల భేదాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. ట్రయథ్లాన్ పుట్టుక, వికాసాలను తెలుపండి.

II. క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ట్రయథ్లాన్‌లో ఈతను మొదట ఉంచటంలోని ఔచిత్యం ఏమిటి?
2. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకొన్నవారు ఏమి చేయాలి?
3. కోజుమెల్ పోటీలో ఆలిస్టర్ ప్రవర్తనపై మీ అభిప్రాయం తెలుపండి.

III. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. “కాని సముద్రానికి గట్లు లేవు.”
2. “సముద్రంతో తలపడినవాడు అలసిపోతాడు, దానిని తెలుసుకొన్నవాడు ఒడ్డు చేరుతాడు.”