ఒక్క సెకను దగ్గరే ఎందుకు ఆగింది?

చేతిలో పని మొరాయించినప్పుడు మీరు మొదట చేసేదేమిటి? మనలో చాలామందిమి ఇంకాస్త గట్టిగా తోస్తాం. బిగుసుకున్న తలుపయినా, మాట వినని పిల్లాడయినా, పాత కెమెరా అయినా అంతే. తోసే ముందు ఒక్క నిమిషం ఆగడం అలవాటు చేసుకోండి. ఆ అలవాటు నాకు మా మావయ్య కెమెరా నేర్పింది.

తెనాలిలో ఆయన స్టూడియో మూసేశాక ఆ కెమెరా నా చేతికొచ్చింది. ఒకదాని మీద ఒకటిగా రెండు లెన్సులు. పైది మనం తల వంచి చూసుకోవడానికి, కిందిది ఫిలిం కోసం. 1929లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్రాంకె, హైడెకె అనే ఇద్దరు తెచ్చిన రోలైఫ్లెక్స్ ఈ తరహాకు పేరు తెచ్చింది. మావయ్యది అదే బాటలో జపాన్‌లో తయారైనది. 120 రోల్ ఒకటి వేస్తే 12 చదరపు ఫొటోలు వస్తాయి. అంతే. ప్రతి క్లిక్కూ ఆలోచించి కొట్టాల్సిందే.

ఏళ్ల తరబడి బీరువాలో ఉన్నదాన్ని తీసి, రోల్ వేయకుండానే షట్టర్ స్పీడు ఒక సెకనులో పెట్టి నొక్కాను. షట్టర్ రేకులు తెరుచుకున్నాయి, మూసుకోలేదు. ఎక్కుపెట్టిన మీట వెనక్కి వస్తూ వస్తూ సగంలో నిలిచిపోయింది. బొటనవేలితో దాన్ని నెట్టాను. లోపల సన్నగా కిర్రుమంది. భయమేసి మావయ్యకు ఫోన్ చేశాను.

“ముందు చెయ్యి తియ్యరా. ఏ స్పీడులో ఆగింది? మిగతావన్నీ కొట్టి చూశావా?”

చూడలేదు. ఆగినచోటే ఆగిపోయాను నేను కూడా. కాసేపటికి మీట దానంతటదే మెల్లగా చివరికి చేరింది. అప్పుడు ఒక్కొక్కటే కొట్టాను. సెకనులో 250వ వంతు, 125వ వంతు, 60వ వంతు అన్నీ టక్ టక్‌మని పలికాయి. ఎనిమిదో వంతు దగ్గర నీరసం మొదలైంది. ఒక సెకను దగ్గర మళ్లీ ఆగింది.

“అయితే షట్టర్ బాగానే ఉంది. అది చెడలేదు, దానికి దారి లేదు” అన్నాడు మావయ్య.

ఆ మాటకు అర్థం యంత్రంలోనే ఉంది. వేగంగా కొట్టినప్పుడు స్ప్రింగు రేకుల్ని తెరిచి వెంటనే మూసేస్తుంది. నెమ్మది స్పీడుల్లో మాత్రం ఆ మూతను ఆలస్యం చేయడానికి గోడగడియారంలో ఉన్నట్టే చిన్న చిన్న పళ్లచక్రాలు అడ్డం పడతాయి. గిర్రుమని వినిపించేది వాటి చప్పుడే. దశాబ్దాలు గడిస్తే వాటి ఇరుసుల్లోని నూనె జిగురుగా మారుతుంది. స్ప్రింగులో బలం ఉన్నా చక్రం తిరగదు. అలాంటప్పుడు మీటను తోస్తే, పాడైన భాగం బాగుపడదు సరికదా, బాగున్న భాగం విరుగుతుంది.

ఇప్పుడు మీ ఇంట్లోకి చూడండి. తొమ్మిదో తరగతి అబ్బాయి సైన్సు చదువుతాడు, సోషల్ చదువుతాడు, లెక్కల పుస్తకం తీస్తే కూర్చుంటాడు గానీ కదలడు. ‘వీడికి చదువంటే పట్టదు’ అనేస్తాం. ఆ మాట అబద్ధం, పైగా అన్యాయం. లెక్కల్లో అంకగణితమా, బీజగణితమా? బీజగణితంలో ఏ మెట్టు? అడుగుతూ పోతే ఎప్పుడో ఏడో తరగతిలో అర్థంకాక వదిలేసిన ఒక్క పాఠం దగ్గర తేలుతుంది. మీ సంగతీ అంతే. ‘నేను అన్నీ వాయిదా వేస్తాను’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఈ వారం ఆలస్యం లేకుండా చేసిన పనులు ముందు కాగితం మీద రాయండి. మిగిలింది ఒకటో రెండో. ఆ ఒక్క ఫోనో, ఆ ఒక్క బాకీ లెక్కో ఎందుకు ఆగిందో అప్పుడు కనిపిస్తుంది.

కనిపించాక రెండో పొరపాటు పొంచి ఉంటుంది. నేను కుట్టుమిషన్ నూనె చుక్క వేద్దామనుకున్నాను. మావయ్య ఒప్పుకోలేదు. పాత జిగురు మీద కొత్త నూనె పోస్తే రెండు రోజులు తిరిగి మళ్లీ పట్టేస్తుంది, పైగా రేకుల మీదికి పాకి వాటినీ అంటించేస్తుంది. రేకులు పొడిగా ఉండాలి. పిల్లాడికి ఉత్సాహం నూరిపోసే ఉపన్యాసాలు ఇలాంటి నూనే. ముందు ఆ ఏడో తరగతి పాఠం చెప్పించండి.

కెమెరా ముందు పలక మీది తోలును అంచునుంచి మెల్లగా లేపాను. కింద నాలుగు స్క్రూలు. విప్పినవి విప్పిన వరుసలో ఇడ్లీ రేకు గుంటల్లో వేసుకున్నాను, అడుగడుగునా సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి, లైటర్ ఫ్లూయిడ్‌లో ముంచిన సన్నటి కుంచెతో ఆ చక్రాలను తడిపాను. కుంచె గోధుమరంగుకు తిరిగింది. తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ తడిపాను. ఒక్కసారితో పోలేదు, మూడు సాయంత్రాలు పట్టింది. అంత ఓపిక నాలో ఉందని అంతవరకు నాకు తెలియదు.

మూడో రాత్రి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, కెమెరా దగ్గరగా పట్టుకుని ఒక సెకనులో నొక్కాను. టక్, గిర్ర్, టక్. అవతల మావయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“ఇంకోసారి కొట్టరా” అన్నాడు.