ఇల్లు చిన్నది, బొంత పెద్దది

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పాత చీరలతో బొంతలు కుడతారు. గద్వాలకు పడమర రాయచూరు. అక్కడ కన్నడంలో దీన్నే కౌది అంటారు.

ఒక ఇంట్లో అత్తాకోడళ్లు బొంత కుట్టాలనుకున్నారు. నాలుగు పాత చీరలు తీశారు. నాలుగోది అత్త పెళ్లినాటి గద్వాల చీర. నడుమ నూలు, అంచులు పట్టు. నూలు పలచబడింది. అంచు ఇంకా గట్టిగానే ఉంది.

"గింత ఇంట్ల గంత పెద్ద బొంత యాడ పరుస్తవే?" అంది అత్త.

పోయినేడు వాకిట్లో పరిచారు. గాలి లేచింది. పొరలు జరిగాయి. కుట్టినంక చూస్తే నడుమ అన్నీ ముడతలే. పడుకుంటే వీపుకు ఒత్తుకునేవి.

"నా చీర గట్ల కానియ్యకు. కోసినంక మళ్ల అతుకుతదా?"

"కోయను అత్తమ్మా, ముందు కొలుస్త" అంది కోడలు. పలక తీసుకుంది.

చీర పొడవు 12 మూరలు. వెడల్పు రెండున్నర మూరలు. నడిమికి కోస్తే 6 మూరల ముక్కలు రెండు. వాటిని పక్కపక్కన కలిపి కుడితే పొడవు 6 మూరలు, వెడల్పు 5 మూరలు. ఒక చీరకు ఒక పొర. నాలుగు చీరలకు నాలుగు పొరలు.

పొయ్యి, కుండలు, జొన్న సంచులు పోను ఇంట్లో ఖాళీ జాగ ఎంత? పొడవు ఐదున్నర మూరలు, వెడల్పు 4 మూరలు. బొంత పట్టదు. సగం బొంత అయితే? 3 మూరలు, 5 మూరలు. పడుతుంది!

మూర అందరికీ ఒకటి కాదు. చీరను కొలిచిన చెయ్యే ఇంటిని కూడా కొలవాలి.

లెక్క చూసి అత్తే కత్తెర ఇచ్చింది.

ముక్కలు కలిపి కుట్టినంక, కోడలు ప్రతి పొరనూ పొడవులో సగానికి మడిచింది. మడత మీద సుద్దముక్కతో గీత గీసింది. మొదటి పొర గీతను గోడకు మూరెడు దూరంలో పెట్టింది. ఒక సగం నేల మీద పరిచింది. రెండో సగం గోడ పక్కన చుట్టి పెట్టింది. రెండో పొరను గీత మీద గీత వచ్చేట్టు వేసింది. అట్లనే నాలుగు పొరలూ వేసింది. గీత నుంచి అంచు వైపు అరచేత్తో సాపు చేసింది. మూలల మీద చెంబులు, రోకలి పెట్టింది. జానెడుకొకటి పెద్ద కుట్లు వేసింది. ఇవి పొరలు జరగకుండా పట్టుకోవడానికే. అసలు కుట్టు అయినంక విప్పేయాలి.

తర్వాత బొంతను తిప్పింది. కుట్టిన సగం గోడ పక్కకు పోయింది. రెండో సగాన్ని కింది పొర నుంచి ఒక్కొక్కటిగా పరిచి అట్లనే కుట్టింది. ఇక బొంత పరిచే పని లేదు. ఒడిలో పెట్టుకుని సన్న కుట్టు కుట్టుకోవచ్చు.

అత్త నడుమ చెయ్యి పెట్టి చూసింది. ముడత తగల్లేదు.

"జర జరుగు. అంచు పక్కకు నేను కుడ్త" అని సూదిలో దారం ఎక్కించింది.

మీ ఇంట్లో ఖాళీ జాగ ఎన్ని మూరలు? కొలిచి రాయండి.
పొడవు ........ వెడల్పు ........