తోకచుక్క ఫొటోకి సాక్ష్యం ఏది?

"ఇది నిజంగానే ఆడ ఉండిందా, ఫోన్లో నువ్వు చేసినావా నాయనా?"

2024 అక్టోబర్ 14 రాత్రి మా జేజి అడిగిన ప్రశ్న ఇది. దసరా సెలవులకి లింగాల వచ్చి, రెండు సాయంత్రాలు దోమల చేత కుట్టించుకుని తీసిన ఫొటో అది. ముందు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆమె డౌట్ కరెక్టే అనిపించింది. ఇప్పుడు ఒక్క లైన్ టైప్ చేస్తే ఎలాంటి తోకచుక్క బొమ్మ అయినా వచ్చేస్తుంది. మరి నాది నిజమైనదని ఎలా చెప్పాలి? తోకచుక్కని ఎలా చూడాలి, ఎలా ఫొటో తీయాలి, తీసినదాన్ని ఎలా నిరూపించాలి అనేదే ఈ వ్యాసం.

ముందు అతిథి పరిచయం

దాని పేరు సుచిన్‌షాన్-అట్లాస్. శాస్త్రవేత్తల లెక్కలో సి/2023 ఎ3. 2023లో చైనాలోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ, దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపు విడివిడిగా కనిపెట్టాయి కాబట్టి ఆ రెండు పేర్లూ కలిపారు. 2024 సెప్టెంబర్ 27న సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చింది. అక్టోబర్ 12న, అంటే సరిగ్గా విజయదశమి రోజు, భూమికి దగ్గరగా వచ్చింది. దగ్గర అంటే సుమారు 7 కోట్ల కిలోమీటర్లు!

తోకచుక్క అంటే మంచు, దుమ్ము కలిసిన ముద్ద. సూర్యుడి వేడికి మంచు ఆవిరైపోతూ దుమ్మునీ వెంట తీసుకొస్తుంది. ఆ దుమ్ము మీద ఎండ పడి మెరిసేదే మనకి కనిపించే తోక. తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపుకే ఉంటుంది. సాయంత్రం పడమటి దిక్కున చూస్తే తోక పైకి లేచి ఉండేది అందుకే. ఇది మన జీవితకాలంలో మళ్లీ రాదు. అందుకే ఆ వారం నాకు సెమిస్టర్ ఎగ్జామ్ కన్నా టెన్షన్.

నేను చేసిన తప్పులు

13న సాయంత్రం కెమెరాతో మిద్దె ఎక్కాను. పడమటి వైపు చీనీ చెట్లు, పక్కింటి నీళ్ల ట్యాంకు అడ్డం. తోకచుక్క ఆకాశంలో బాగా కింద ఉంది, చెట్ల వెనకాలే దిగిపోయింది. పైగా కెమెరా ఆటోఫోకస్‌లో ఉంది. చీకట్లో దానికి ఏం దొరక్క ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది. ఒక్క ఫొటో కూడా రాలేదు.

మొదటి పాఠం: పగలే వెళ్లి చోటు చూసుకోవాలి. 14న మధ్యాహ్నం చెనిక్కాయ చేల దారిలో పడమర తెరిపిగా ఉన్న చోటు వెతికాను. స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మా ఊరు, ఆ టైం పెడితే ఆకాశంలో ఏది ఎక్కడ ఉంటుందో చూపించింది. కింద ఎడమవైపు శుక్రుడు, కుడివైపు స్వాతి నక్షత్రం, దాదాపు ఆ రెండిటి మధ్యలో తోకచుక్క.

సూర్యుడు ఆరింటికి దిగాడు. అప్పుడే బైనాక్యులర్ ఎత్తకండి, పొరపాటున సూర్యుడు అందులో పడితే కన్ను పోతుంది. ముప్పావు గంట ఆగాను. మబ్బుల సందులో తెల్లటి గీత కనిపించింది. ఒక నిమిషం కెమెరా సంగతే మర్చిపోయాను.

సెట్టింగులు

ఫ్రెండ్ దగ్గర అప్పు తెచ్చిన కెమెరా, 50 ఎంఎం లెన్సు, ట్రైపాడ్. మాన్యువల్ మోడ్, ఎఫ్/2.8, ఐఎస్ఓ 800, ఎక్స్‌పోజర్ 2 సెకన్లు. శుక్రుణ్ణి స్క్రీన్ మీద జూమ్ చేసి, అది చిన్న చుక్క అయ్యేదాకా చేత్తో ఫోకస్ చేశాను. బటన్ నొక్కితే కదులుతుంది కాబట్టి 2 సెకన్ల టైమర్. రా ఫార్మాట్‌లో సేవ్. ఫోన్ ఉన్నవాళ్లు ప్రో మోడ్‌లో పెట్టి, ఇటుకకి ఆనించి తీయొచ్చు. నైట్ మోడ్ వద్దు, అది లోపల ఏం కలుపుతుందో మనకి తెలీదు.

తర్వాత మన సబ్జెక్టు వచ్చింది. ఒక్క ఫొటోలో నాయిస్ ఎక్కువ. 16 ఫొటోలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీస్తే నాయిస్ నాలుగో వంతుకి తగ్గుతుంది, ఎందుకంటే 16 వర్గమూలం 4. పైథాన్‌లో సగటు ఒక్క లైను. పేర్చడమే కష్టం. నక్షత్రాలని కలిపితే తోకచుక్క తల సాగింది, తలని కలిపితే నక్షత్రాలు గీతలయ్యాయి. రెండు గంటలు బగ్ అనుకుని వెతికాను. బగ్ కాదు! అరగంటలోనే తోకచుక్క నక్షత్రాల మధ్య జరిగింది.

జేజికి జవాబు అక్కడే దొరికింది.

సాక్ష్యం

వేణు బప్పు గురించి విన్నారా? హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివారు. 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ ఫొటో ప్లేటు మీద ఒక కొత్త తోకచుక్కని కనిపెట్టారు. అప్పటికి ఆయనకి 22 ఏళ్లు నిండలేదు. బార్ట్ బాక్, గోర్డన్ న్యూకర్క్ పేర్లతో కలిపి దాన్ని బప్పు-బాక్-న్యూకర్క్ అంటారు. ప్లేటు మీద మసకగా ఏదైనా కనిపిస్తే అది మరకా, నిజమైన వస్తువా? మరక కదలదు. తోకచుక్క నక్షత్రాల మధ్య, లెక్కకి అందేలా కదులుతుంది. అందుకే తేదీ, టైం రాయని ఫొటో ఎంత అందంగా ఉన్నా సాక్ష్యం కాదు.

జేజికి మొదటి ఫొటో, అరగంట తర్వాతి ఫొటో పక్కపక్కన చూపించాను. "జరిగింది సరే, నా కంటితో చూస్తేనే నమ్ముతా" అంది.

ఆ తర్వాత వాయుగుండం వాన. 17న పౌర్ణమి. చివరికి 20న, ఆదివారం, మళ్లీ ఊళ్లో ఉన్నాను. చంద్రుడు ఎనిమిది దాటాకే వస్తాడు, కాబట్టి ఏడింటికి ఆకాశం నల్లగా ఉంది. తోకచుక్క బాగా మసకబారింది కానీ ఎత్తుకి వచ్చింది. మిద్దె మీద జేజిని కుర్చీలో కూర్చోబెట్టి బైనాక్యులర్ ఇచ్చాను. చాలాసేపు వెతికింది.

"ఆ... పొగ మాదిరి ఉంది. ఫోన్లో ఉన్నంత బాగా లేదే!"

అదీ నిజమే. కన్ను వెలుగుని సెకన్ల కొద్దీ దాచుకోలేదు, కెమెరా దాచుకుంటుంది. నేను దానిమీద 16 ఫొటోల సగటు తీశాను. అది మోసం కాదు, కానీ చెప్పకపోతే మోసమే. ఇప్పుడు నా ఫొటో కింద ఇలా ఉంటుంది: లింగాల, 14-10-2024, సాయంత్రం 6:48, 2 సెకన్లు, 16 ఫొటోల సగటు, కంటికి ఇంతకన్నా మసకగా కనిపించింది.

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు జనం అరిష్టం అని భయపడుతుంటే, గురజాడ "ముత్యాల సరములు"లో దాన్ని మంచి మార్పుకి గుర్తుగా చూశారు. ఈసారి మా ఇంట్లో భయం లేదు, అనుమానం మాత్రమే ఉంది. అదే నాకు ఎక్కువ నేర్పింది.

తర్వాతి తోకచుక్క ఎప్పుడొస్తుందో గానీ, వచ్చినప్పుడు ముందు కంటితో చూడండి. తర్వాత క్లిక్ చేయండి. వెంటనే టైం రాసుకోండి. మీ ఇంట్లోనూ ఒక జేజి ఉంటుంది.