పక్షి పరిశీలనకు పాత దుర్భిణి : ఎంపిక విధానము

దుర్భిణి అన్న మాటను మనము తెలుగు మాటగానే వాడుచున్నాము. అది పారశీకము నుండి వచ్చినది. 'దూర్' అనగా దూరము, 'బీన్' అనగా చూచునది. ఒకే కప్పు క్రింద ఉర్దూ, తెలుగు చదువుకొను మన కళాశాలలో ఈ పదమునకు వేరే పరిచయము అక్కరలేదు. పరికరమునకు మాత్రము కొంత పరిచయము అవసరము. పక్షులను చూడవలెనను కోరిక మన విద్యార్థులలో ఉన్నది; క్రొత్తది, మంచిది కొనుటకు తగిన ధనము లేదు; బజారులో మెరుగు పెట్టిన బొమ్మ దుర్భిణులకు మాత్రము కొదువ లేదు.

1931-32లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే జరిపిరి. ఆ రోజులలో పక్షి జాతిని నిర్ధారించుటకు దానిని తుపాకితో కొట్టి చేతిలోనికి తీసుకొని చూచుట శాస్త్రజ్ఞుల ఆచారము. నేడు ఆ పని అంతయు కన్నే చేయవలెను. పులికాటు ఒడ్డున బురదలో తిరుగాడు చిన్న ఉల్లంకులను చూడుడు. లిటిల్ స్టింట్ కాళ్ళు నల్లనివి; టెమ్మింక్స్ స్టింట్ కాళ్ళు పసుపు పచ్చనివి. ఏబది గజముల దూరము నుండి ఆ భేదము తెలియవలెనన్నచో అద్దము స్వచ్ఛమైనది కావలెను. నేలపట్టులోని గూడబాతును గుర్తించుటకు ఏ అద్దమైనను చాలును గాని, పరిశీలన అంతటితో ఆగదు గదా!

పాతది ఎందుకు కొనవలెనను ప్రశ్న సహజము. జంట దుర్భిణిలో పట్టకములను అమర్చు పద్ధతిని ఇటలీ దేశీయుడు ఇగ్నాజియో పోర్రో 1854లో కనిపెట్టెను. జైస్ సంస్థ 1894లో దానిని చక్కని రూపములో విపణికి తెచ్చినది. నాటి నుండి ఆ అమరికలో మౌలికమైన మార్పు లేదు. కావున శ్రద్ధగా చేసిన నలుబది యేండ్ల నాటి పోర్రో దుర్భిణి, నేడు అదే ధరకు దొరకు క్రొత్త నాసిరకము కంటె అనేక విధముల మేలు. వంకర భుజముల వలె కనబడునది పోర్రో రకము. గొట్టములు నిటారుగా ఉండునవి 'రూఫ్' పట్టకముల రకము. ఈ రెండవ రకములో స్పష్టతను పెంచు ప్రత్యేకమైన పూతను జైస్ వారు 1988లో ప్రవేశపెట్టిరి. అంతకు పూర్వపు నిటారు దుర్భిణి ఎంత అందముగా ఉన్నను, తక్కువ ధరకు వచ్చినదైనచో నేను పోర్రోనే ఎన్నుకొందును.

ఇక అంకెలు. 8×30 అన్నచో ఎనిమిది రెట్ల ఆవర్ధనము, ముప్పది మిల్లీమీటర్ల వస్తు కటకము. రెండవ అంకెను మొదటి అంకెచే భాగించినచో కంటికి అందు వెలుగు బిళ్ళ వ్యాసము వచ్చును. 8×30లో అది 3.75 మిల్లీమీటర్లు. పట్టపగలు మన కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తెరచుకొనదు గనుక ఇది చాలును. సంధ్య వేళకు 8×42 లేక 7×35 మేలు. 7×50 ఓడలకు తగినది, మెడకు బరువు. ఆవర్ధనము పెరిగిన కొలది చేతి వణుకు కూడ అంతే పెరుగును. అందుచేత పదికి మించినది ముట్టవద్దు. 'జూమ్' అనియు, '90×90' అనియు అచ్చు వేసిన వాటిని చూచినంతనే దుకాణము దిగి రావచ్చును.

తరువాత పూత. అద్దమునకు పూత లేనిచో ప్రతి తలమువద్దను వెలుతురులో సుమారు నూటికి నాలుగు వంతులు వెనుకకు మరలిపోవును. సామాన్యమైన పోర్రోలో పది తలములుండును. అనగా మూడవ వంతు వెలుగు దారిలోనే పోవును. 1935లో జైస్ సంస్థలో స్మకులా కనుగొన్న పూత ఈ నష్టమును చాల వరకు తగ్గించినది. ట్యూబులైటు ప్రతిబింబమును కటకములో చూడుడు. తెల్లగా మెరిసినచో పూత లేదు. నీలము లేక ఊదా అయినచో ఒక పొర ఉన్నది. ముదురు ఆకుపచ్చగా, మసకగా కనబడినచో పలు పొరలున్నవి. కెంపు వలె ఎర్రగా ధగధగలాడునది కనులకు పండుగే గాని పక్షులకు పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష రెండు గొట్టముల పొత్తు. పాత దుర్భిణి ఒక్కసారి క్రిందపడినచో లోపలి పట్టకము జరుగును. పైకి గీత కూడ కనబడదు. అప్పుడు రెండు కన్నులకు రెండు చిత్రములు వేర్వేరు ఎత్తులలో వచ్చును. మన మెదడు కొంత సేపు వాటిని బలవంతముగా కలుపును. దుకాణములో రెండు నిమిషములు చూచువానికి ఏమియు తెలియదు. చెరువు గట్టున పావుగంట చూచిన పిమ్మట తలనొప్పి ప్రారంభమగును. ఆ విద్యార్థి తన కన్నులే బలహీనమనుకొని పరిశీలనకు స్వస్తి చెప్పును. కనుక దూరపు కరెంటు తీగను గాని, ఇంటి కప్పు అంచును గాని చూచుచు, దుర్భిణిని కంటి నుండి మెల్లగా ఒక జానెడు వెనుకకు తీయుడు. రెండు వృత్తములలోను గీత ఒకే ఎత్తున సాగవలెను. ఒకటి పైకి, ఒకటి క్రిందికి పోయినచో ఎంత చౌక అయినను వలదు. దీనిని సరిచేయగల పనివారు అరుదు.

రెండవ శత్రువు బూజు. మన కోస్తా గాలిలో ఇది త్వరగా పట్టును. వస్తు కటకము వైపు నుండి టార్చి వేసి, రెండవ వైపు నుండి ఏటవాలుగా చూడుడు. సాలెగూటి పోగులవంటివి కనబడినచో అది బూజు. పూతను తినివేయును, తుడిచినను మచ్చ మిగులును. రెండు మూడు ధూళి కణములు కనబడుట మాత్రము దోషము కాదు. అంటించిన కటకముల అంచున నూనె మరకవంటి రంగులున్నచో అతుకు విడుచున్నదని గ్రహింపవలెను. మరల గాలు చీలికలు నలిగినచో ఎవరో విప్పి చూచిరన్నమాట. ఊపినచో లోపల శబ్దము రారాదు.

కళ్ళజోడు ధరించువారు జోడుతోనే పరీక్షించవలెను. పాత 8×30లలో చాలవాటికి కన్ను మిక్కిలి దగ్గరగా ఉంచవలెను. జోడుతో చూచినచో దృశ్యములో నడిమి భాగము మాత్రమే కనబడును.

పేర్ల విషయము: జర్మనీ 1990లో ఏకమగుటకు పూర్వము తూర్పు జర్మనీలో తయారైన జెనాప్టెమ్, డెల్ట్రింటెమ్ 8×30లు ప్రసిద్ధములు. వాటి పేరుతో నకిలీలు కూడ గలవు కనుక పేరు చూచి మోసపోక, పై పరీక్షలు చేయవలెను. సోవియట్ దుర్భిణులు దృఢమైనవి, చౌకయైనవి. అయితే కొన్నింటిలో దృశ్యము పసుపు వన్నె పొందును. ఇంతకు ముందు చెప్పిన స్టింట్ కాళ్ళకు ఇదే చిక్కు! హైదరాబాదు జుమేరాత్ బజారు వంటి చోట్ల పాత సామాను మధ్య ఇట్టివి అప్పుడప్పుడు తారసపడును. పగటి వేళ వెళ్ళుడు. ఆరుబయట దూరపు వస్తువును చూడనీయని అమ్మకందారు వద్ద బేరమే ఆడవద్దు. పరీక్షించు తొందరలో సూర్యుని వైపు మాత్రము ఎన్నడును త్రిప్పరాదు. క్షణములో కంటికి శాశ్వతమైన హాని కలుగును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. విద్యార్థుల కొరకు కొనదలచినచో ఆరు బొమ్మలకు బదులు రెండు మంచి పాతవి కొనుట ఉచితము. పదిమంది వంతులవారీగా చూచినను, చూచిన ప్రతివాడును పక్షి రెక్క మీది గీతను చూడగలుగును. ఎడమ కంటితో నడిమి చక్రమును, పిదప కుడి కంటితో కుడి అక్షి కటకపు వలయమును సరిచేసుకొనుట ప్రతి విద్యార్థికి ముందుగా నేర్పవలెను. లేనిచో మంచి దుర్భిణి కూడ మసకగానే కనబడును.

వాటిని తోలు సంచిలో భద్రపరచరాదు. తోలు తేమను పట్టి ఉంచును. మూత గట్టిగా పట్టు స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లముతో ఉంచి, వానకాలములో పొట్లమును నెలకొకసారి వేడి చేసి ఆరబెట్టవలెను. డబ్బా తాళము గ్రంథాలయములో ఉండుట మంచిది. ఆదివారము ఉదయము చెరువునకు పోవువారికి శనివారము సాయంకాలమే అది అందవలెను.