ముల్లు మీద కోపం వద్దు

డెలానీపూర్,
శ్రీ విజయపురం.

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. కవరు మీద ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే రాస్తున్నావు. 2024లోనే ఊరి పేరు మారిందిరా. సరే, డెలానీపూర్ అని ఉంది కాబట్టి చేరింది.

మీ నాన్న అంబాసిడర్‌లో పెట్రోల్ మీటరు పోయిందనీ, కొత్తది కొనేస్తాననీ రాశావు. అప్పుడే కొనకు.

నేనిక్కడ షెడ్డు పెట్టిన కొత్తలో ఓ టాక్సీ ఇదే జబ్బుతో వచ్చింది. ట్యాంకు నింపినా ముల్లు లేవదు. మీటరు పోయిందని చిటికెలో తేల్చేశాను. కొత్తది విశాఖ నుంచి తెప్పించాను. ఓడ ప్రయాణమే మూడు రోజులు. అది ఎప్పుడు బయల్దేరుతుందా అని చూడ్డం అంతకు మించిన పని. వచ్చింది, బిగించాను. ముల్లు లేవలేదు! అప్పుడు ట్యాంకు దగ్గరికెళ్ళి చూస్తే, ఎర్త్ వైరు చివర పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పు కాగితంతో రుద్ది బిగించాను. ముల్లు లేచి కూర్చుంది.

పాత మీటరు అప్పటికే పాత ఇనుములోకి పోయింది. దాని అద్దం మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క ఒకటి ఉండేది. పిల్లల అల్లరి అనుకున్నాను. ముల్లు అక్కడికి వస్తే ఇక బంకుకి వెళ్ళాల్సిందేనని ఆ టాక్సీ అతని తండ్రి పెట్టుకున్న గుర్తట అది. డబ్బు తిరిగిచ్చాను. చుక్క ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?

మీటరు తనంతట తాను ఏమీ చెప్పదురా. ట్యాంకులో తేలే బెండు లేస్తూ దిగుతూ ఉంటే, దాని చేతికున్న యూనిట్‌లో కరెంటుకి అడ్డు మారుతుంది. ఆ తేడానే ముల్లు చూపిస్తుంది. మధ్యలో వైరు తెగినా, ఎర్త్ అందకపోయినా తప్పు ముల్లు మీద పడుతుంది. ఏటా 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఈ దీవిలో ముందు చెడేవి అతుకులే. మీ బారువలోనూ ఉప్పుగాలే కదా.

అందుకని ముందు పరీక్ష చెయ్యి. తాళం ఆపి ఉంచి, ట్యాంకు యూనిట్ నుంచి వైరు ఊడదీసి, బాడీకి గట్టిగా తగిలించు. అప్పుడు తాళం తిప్పి చూసి, వెంటనే ఆపెయ్యి. తాళం తిప్పి ఉండగా ట్యాంకు దగ్గర వైరు తాకించావో, నిప్పురవ్వ లేస్తుంది. కింద ఉన్నది పెట్రోలు. మీటరు రకాన్ని బట్టి ముల్లు ఒక కొసకి పోవాలి. కదిలిందంటే మీటరు బతికే ఉంది, జబ్బు ట్యాంకు వైపుంది. పెట్రోలు మీటరూ, వేడి మీటరూ రెండూ కలిసి తప్పు చూపిస్తే, రెండిటికీ కరెంటు అందించే స్టెబిలైజర్‌ని అనుమానించు. అది ఉన్న బండిలో మీటరుకి నేరుగా 12 వోల్టులు ఇస్తే కొత్తదీ కాలిపోతుంది.

నిజంగా మీటరే పోతే మార్చు. 2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవాటిలో ఏది ఏ మోడల్‌దో చూసి కొనాలి. మీటరూ ట్యాంకు యూనిట్టూ జోడెద్దుల్లాంటివి. ఒకదానికొకటి కుదరకపోతే సగం ట్యాంకుకే నిండుగా చూపిస్తుంది. బ్యాటరీ వైరు తీశాకే డాష్‌బోర్డు మీద చెయ్యి వెయ్యి. ఏ వైరు ఎక్కడిదో ఫోనులో ఫొటో తీసుకో. బిగించాక, ట్యాంకు ఖాళీ అయినప్పటి నుంచి 5 లీటర్ల చొప్పున పోయిస్తూ ముల్లు ఎక్కడుందో రాసుకో. పాతది మాత్రం పారెయ్యకు.

వీటన్నిటికంటే ముందు ఒక పని. మీ నాన్నని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ముల్లు ఎక్కడుంటే ఆయన బంకుకి బయల్దేరేవాడో వేలితో చూపించమను. అక్కడ చుక్క పెట్టు. గోళ్ళరంగు మీ అమ్మ దగ్గర ఉంటుంది, అడుగు.

ఇట్లు,
మామయ్య